హైదరాబాద్ నడిబొడ్డున తక్కువ అద్దెకు లాడ్జి గది: వెతకడం మొదలు ఖాళీ చేసేదాకా

హైదరాబాద్‌కు పని మీద వచ్చేవారిలో చాలామందికి గది కావలసింది ఒకటి రెండు రాత్రులకే. నిమ్స్‌లో రిపోర్టులు చూపించుకోవడానికో, హైకోర్టులో వాయిదాకో, గ్రూప్స్ పరీక్షకో, పెళ్లి బట్టలకో వచ్చినవారు పగలంతా బయటే తిరుగుతారు. స్నానం చేయడానికి, సామాను పెట్టుకోవడానికి, నాలుగు గంటలు కంటినిండా నిద్రపోవడానికి ఒక చోటుంటే వారికి చాలు. అలాంటివారిని దృష్టిలో పెట్టుకుని రాసిన మార్గదర్శి ఇది. నక్షత్రాల హోటళ్లను, నెలవారీ పీజీ హాస్టళ్లను పక్కనపెట్టి, రోజుకు సుమారు 600 నుంచి 1,500 రూపాయల అద్దెకు దొరికే లాడ్జిలు, గెస్ట్‌హౌస్‌ల గురించి మాత్రమే ఇక్కడ చర్చిస్తున్నాను.

ఈ తరగతి లాడ్జిలలో ఒకదానికీ మరొకదానికీ అద్దెలో తేడా సాధారణంగా రెండు మూడు వందలకు మించదు. రెండు వందలు మిగిలాయని సంతోషించినవారు ఆటోలకూ, చెక్ అవుట్ దాటిన పూటలకూ అంతకు రెట్టింపు చెల్లించడం తరచుగా జరిగేదే. అందువల్ల అద్దె ఎంతో అడగడానికి ముందే దూరాన్ని, గంటలను లెక్కగట్టుకోవాలి. ఈ వరుసలో నడిస్తే మిగతావన్నీ తేలికవుతాయి.

మొదటి అడుగు: పని ఎక్కడో చూసి పేటను ఎంచుకోవడం

హైదరాబాద్‌కు నడిబొడ్డు అంటూ ఒకే చోటు లేదు. నాంపల్లి, ఆబిడ్స్, కోఠి ప్రాంతం ఒకటి, సికింద్రాబాద్ స్టేషన్ చుట్టుపక్కల మరొకటి, లక్డీకాపూల్ నుంచి అమీర్‌పేట దాకా ఇంకొకటి. మూడింటిలోనూ లాడ్జిలు వరుసగా ఉంటాయి. దిగిన స్టేషన్ ఎదురుగా కనిపించిన మొదటి బోర్డు కింద గది తీసుకోవడం అలసిపోయిన ప్రయాణికుడికి సహజమే కాని, మరునాటి పని ఊరికి అవతలి కొసన ఉంటే ఆ తొందర ఖరీదైనదే అవుతుంది.

ఆసుపత్రి పని మీద వచ్చేవారు మొదట ఏ ఆసుపత్రో స్పష్టంగా చూసుకోవాలి. ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, నీలోఫర్ పిల్లల ఆసుపత్రి రెండూ రెడ్‌హిల్స్ ప్రాంతంలోనే ఉన్నాయి కాబట్టి లక్డీకాపూల్ లేదా నాంపల్లిలో గది తీసుకుంటే సరిపోతుంది. నిమ్స్ పంజాగుట్టలో ఉంది. లక్డీకాపూల్, ఖైరతాబాద్, అమీర్‌పేటలలో ఎక్కడ ఉన్నా మెట్రోలో కొద్ది నిమిషాల్లో చేరవచ్చు. ఉస్మానియా ఆసుపత్రికి అఫ్జల్‌గంజ్, గౌలిగూడ, కోఠి దగ్గర. గాంధీ ఆసుపత్రికి మెట్రో ఆకుపచ్చ మార్గంలో ఆ పేరుతోనే స్టేషన్ ఉంది కాబట్టి సికింద్రాబాద్‌లోగాని, చిక్కడపల్లి, నారాయణగూడ వైపుగాని ఉండవచ్చు. రోగి వెంట ఉండేవారు రాత్రి ఏ వేళకైనా పరుగెత్తవలసి రావచ్చు గనుక, వారి విషయంలో మాత్రం నడిచి చేరగలిగే దూరానికే ప్రాధాన్యం ఇవ్వాలి, ఆ గదికి రెండు వందలు ఎక్కువైనా సరే.

హైకోర్టు పని ఉన్నవారికి అఫ్జల్‌గంజ్ చాలు. మూసీ వంతెన దాటితే చేరినట్టే. నాంపల్లి కోర్టులకూ, టీజీపీఎస్సీ కార్యాలయానికీ నాంపల్లే మేలు. సచివాలయం పని ఉంటే లక్డీకాపూల్, ఖైరతాబాద్ దగ్గరవుతాయి. హైటెక్ సిటీలో ఇంటర్వ్యూ ఉన్నవారు నాంపల్లిలో దిగి రోజూ అక్కడికి వెళ్లడం కంటే అమీర్‌పేటలో ఉండడం తెలివైన పని. నాగోలు, రాయదుర్గం మధ్య నడిచే నీలి మార్గం, మియాపూర్, ఎల్బీనగర్ మధ్య నడిచే ఎర్ర మార్గం అమీర్‌పేటలోనే కలుస్తాయి కాబట్టి అక్కడినుంచి మారే పని లేకుండా నేరుగా వెళ్లిపోవచ్చు. అయితే అమీర్‌పేట గల్లీలలో కోచింగ్ విద్యార్థుల హాస్టళ్లు ఎక్కువ, ఒక్కరోజు లాడ్జిలు తక్కువ. అక్కడ ముందే ఫోన్ చేసి వెళ్లాలి.

చారిత్రక కట్టడాలు చూడడానికి వచ్చేవారు చార్మినార్ పక్కనే గది కోసం పట్టుబట్టనవసరం లేదు. ఆ చుట్టుపక్కల లాడ్జిలు కొద్ది, రద్దీ మాత్రం అపారం. ఆబిడ్స్‌లోనో కోఠిలోనో ఉంటే చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, సుల్తాన్‌బజార్ అన్నీ దగ్గరే. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పరిచే పాత పుస్తకాల బజారు కూడా గది నుంచి నాలుగడుగుల్లో ఉంటుంది. పుస్తకాల మీద మోజున్నవారు తిరుగు ప్రయాణంలో సంచి బరువును కూడా ముందే లెక్కలో వేసుకోవాలి.

ఏ ఊరి నుంచి, ఏ దారిలో వస్తున్నారన్నది కూడా చూడాలి. కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ వైపు బస్సులు సికింద్రాబాద్‌లోని జూబ్లీ బస్ స్టేషన్‌కు వస్తాయి. విజయవాడ, కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు బస్సులు ఎక్కువగా మహాత్మాగాంధీ బస్ స్టేషన్ (ఎంజీబీఎస్) చేరతాయి. ఈ రెంటినీ కలుపుతూ మెట్రో ఆకుపచ్చ మార్గం 2020 ఫిబ్రవరి నుంచి నడుస్తోంది. 11 కిలోమీటర్ల ఈ దూరానికి పట్టేది పదహారు నిమిషాలే. కాబట్టి జూబ్లీ బస్ స్టేషన్‌లో దిగినంత మాత్రాన సికింద్రాబాద్‌లోనే గది తీసుకోవాలని లేదు. తెలంగాణ చిరునామాతో గుర్తింపు కార్డు ఉన్న మహిళలకు 2023 డిసెంబరు నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది. ఆ సదుపాయం ఉన్నవారు కాస్త దూరపు పేటలో చవక గది తీసుకున్నా నష్టపోరు.

వానకాలంలో ఒక మినహాయింపు పాటించాలి. ఎంజీబీఎస్ మూసీ ఒడ్డునే ఉంది. 2025 సెప్టెంబరు నెలాఖరులో జంట జలాశయాలైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల గేట్లు ఎత్తినప్పుడు మూసీ పొంగి ఆ ప్రాంగణంలోకి నీరు చేరింది. ప్రయాణికులను బయటికి తీసుకురావలసి వచ్చింది, బస్సులను దారి మళ్లించారు. ఎగువన భారీ వర్షాలు కురుస్తున్నాయన్న వార్త ఉంటే నది ఒడ్డు గల్లీలను, ముఖ్యంగా కింది అంతస్తు గదులను వదిలి నాంపల్లి వైపు జరగడం మంచిది.

రెండో అడుగు: గంటల లెక్క

లాడ్జిలలో రోజును లెక్కించే పద్ధతులు రెండు. మొదటిది 24 గంటల చెక్ అవుట్: మీరు ఏ గంటకు తాళంచెవి తీసుకుంటే మరునాడు ఆ గంటదాకా ఒక రోజు. రెండోది 12 గంటల చెక్ అవుట్: మీరు ఎప్పుడు దిగినా మధ్యాహ్నం పన్నెండు కొట్టగానే ఒక రోజు అయిపోయినట్టు. స్టేషన్ల ఎదుట ఉన్న పాత లాడ్జిలలో మొదటి పద్ధతి ఇంకా కనిపిస్తుంది. ఆన్‌లైన్ యాప్‌ల ద్వారా గదులు ఇచ్చే కొత్త గెస్ట్‌హౌస్‌లలో రెండోదే ఎక్కువ.

దీని ప్రభావం ఎంతో ఒక ఉదాహరణతో చూద్దాం. విశాఖ నుంచి రాత్రి రైలెక్కిన కుటుంబం సోమవారం ఉదయం ఆరున్నరకు నాంపల్లిలో దిగి, మంగళవారం రాత్రి తొమ్మిదికి తిరుగు రైలు ఎక్కాలి. 24 గంటల లాడ్జిలో రోజుకు 900 అనుకుంటే మంగళవారం ఆరున్నరకు ఒక రోజు, ఆ తరవాత రాత్రిదాకా రెండో రోజు, వెరసి 1,800. పన్నెండు గంటల లాడ్జిలో రోజుకు 700 మాత్రమే అని ఆశపడితే, సోమవారం మధ్యాహ్నానికే ఒక రోజు, మంగళవారం మధ్యాహ్నానికి రెండో రోజు, రాత్రిదాకా మూడో రోజు: 2,100. మూడో రోజుకు సగం అద్దె తీసుకోవడానికి ఒప్పుకుంటే 1,750. అంటే రెండు వందలు తక్కువ అనుకున్న గది బేరమాడకపోతే మూడు వందలు ఎక్కువవుతుంది, బేరమాడితే యాభై మిగులుస్తుంది. అదే సాయంత్రం ఆరింటికి దిగి మరునాటి ఉదయం పదింటికి వెళ్లిపోయేవారికి ఏ పద్ధతైనా ఒకటే. వారు నిశ్చింతగా చవక గది తీసుకోవచ్చు.

కాబట్టి ఫోన్‌లో అడగవలసిన మొదటి ప్రశ్న అద్దె గురించి కాదు. "అన్నా, చెక్ అవుట్ పన్నెండింటికా, ట్వంటీఫోర్ అవర్సా?" అని అడగండి. పన్నెండు అంటే వెంటనే, "పొద్దున ఆరున్నరకు దిగుతాం, ఎర్లీ చెక్ ఇన్‌కు ఎంత తీసుకుంటారు?" అని రెండో ప్రశ్న వేయండి. కౌంటర్ దగ్గర సామానుతో, నిద్ర కళ్లతో నిలబడి ఆడే బేరం కంటే ముందురోజు ఫోన్‌లో ఆడే బేరానికి విలువ ఎక్కువ. ఒప్పుకున్న మాటను వాట్సాప్‌లో ఒక వాక్యంగా పంపించమనడం ఇంకా మంచిది. రాత్రి కౌంటర్‌లో ఉన్న మనిషి పగటిపూట ఉండడు, మాట మాత్రం ఫోన్‌లో మిగిలి ఉంటుంది.

నిజంగా కావలసింది ఐదారు గంటలే అయితే లాడ్జి మాట పక్కనపెట్టి రైల్వే రిటైరింగ్ రూమ్‌లు, డార్మిటరీ పడకలు చూడాలి. కన్ఫర్మ్ అయిన లేదా ఆర్‌ఏసీ టికెట్ ఉన్నవారు పీఎన్‌ఆర్ నంబరుతో ఐఆర్‌సీటీసీ ద్వారా వీటిని బుక్ చేసుకోవచ్చు. సికింద్రాబాద్ స్టేషన్ పునర్నిర్మాణంలో ఉన్నందున అక్కడ లభ్యతను ముందే చూసుకుని వెళ్లాలి.

మూడో అడుగు: తేదీలు, బుకింగ్

కొన్ని తేదీల్లో పైన చెప్పిన అద్దెలేవీ వర్తించవు. ఏటా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో నుమాయిష్ అనే పారిశ్రామిక ప్రదర్శన జరుగుతుంది. ఆ నెలన్నర సాయంత్రాలు నాంపల్లి చుట్టుపక్కల గదులకూ ఆటోలకూ గిరాకీ పెరుగుతుంది. జూన్ మొదటి పక్షంలో మృగశిర కార్తె రోజున అదే మైదానంలో చేప ప్రసాదం పంపిణీకి ఇతర రాష్ట్రాల నుంచి కూడా జనం వస్తారు. అనంత చతుర్దశినాడు వినాయక నిమజ్జన ఊరేగింపు చార్మినార్, అఫ్జల్‌గంజ్, ఎంజే మార్కెట్, ఆబిడ్స్, బషీర్‌బాగ్ మీదుగా హుస్సేన్‌సాగర్‌కు సాగుతుంది. ఆ పగలూ రాత్రీ ఆ దారుల్లో వాహనాలను అనుమతించరు కాబట్టి ఊరేగింపు చూడాలన్న కోరిక లేనివారు ఆ రోజుకు ఆబిడ్స్‌లో గది తీసుకోకూడదు. చూడాలనుకునేవారికి మాత్రం అంతకంటే మంచి చోటు లేదు. ఆషాఢ బోనాలప్పుడు సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి ఆలయ పరిసరాలకూ ఇదే వర్తిస్తుంది. సంక్రాంతికి, దసరాకు నగరం సొంతూళ్లకు తరలిపోతుంది. ఆ రోజుల్లో బేరమాడే ధైర్యం లేనివారికి కూడా అద్దె తగ్గుతుంది.

బుకింగ్ యాప్‌లో చేసినా, ఆ తరవాత లాడ్జికి నేరుగా ఫోన్ చేసి "ఈ పేరు మీద, ఈ తేదీకి గది ఉందా" అని నిర్ధారించుకోవడం తప్పనిసరి అని నా అభిప్రాయం. "ఆ బుకింగ్ మాకు రాలేదు", "ఆ యాప్‌తో ఇప్పుడు మాకు ఒప్పందం లేదు" అన్న మాటలు అర్ధరాత్రి కౌంటర్ దగ్గర వినిపించడం ఈ తరగతి వసతిలో అరుదు కాదు. ఫోన్ నంబరును మ్యాప్‌లో కనిపించిన చోటల్లా నమ్మకూడదు. లాడ్జి పేరుతో వేరెవరో పెట్టిన నంబరుకు అడ్వాన్స్ పంపి మోసపోయేవారు ఉన్నారు. పూర్తి అద్దె ముందే యూపీఐ చేయమని తొందరపెట్టినా, క్యూఆర్ కోడ్ పంపి "డబ్బు మీకే వాపసు వస్తుంది" అన్నా అక్కడితో ఆపేయాలి. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయాలి. మొదటి గంటల్లో చేసిన ఫిర్యాదుకే డబ్బు అడ్డుకునే అవకాశం ఎక్కువ.

నాంపల్లిలో పేర్ల గందరగోళం కూడా ఒకటుంది. 'రాయల్' అనే మాటకు ముందూ వెనకా ఇంకో మాట తగిలించుకున్న లాడ్జిలు స్టేషన్ దగ్గర పక్కపక్కనే చాలాకాలంగా ఉన్నాయి. పూర్తి పేరు రాసుకోకపోతే పక్క లాడ్జి కౌంటర్‌లో నిలబడి మీ బుకింగ్ కోసం వాదించే ప్రమాదం ఉంది.

నాలుగో అడుగు: కార్డులు, రిజిస్టర్

గదిలో ఉండబోయే పెద్దవాళ్లందరి గుర్తింపు కార్డులు అడుగుతారు. ఒక్కరి కార్డు చాలదు. ఆధార్, ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్టులలో ఏదైనా పనికివస్తుంది. పాన్ కార్డు మీద చిరునామా ఉండదు కాబట్టి దాన్ని సాధారణంగా ఒప్పుకోరు. ఆధార్ జిరాక్స్ ఇవ్వవలసి వస్తే ఆధార్ జారీచేసే సంస్థ ఉడాయ్ (యూఐడీఏఐ) వెబ్‌సైట్ నుంచి మాస్క్‌డ్ ఆధార్ దింపుకుని ఇవ్వడం మేలు. అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. జిరాక్స్ మీద తేదీ, "లాడ్జి బసకు మాత్రమే" అన్న మాట అడ్డంగా రాసి ఇవ్వడం పాత పద్ధతే అయినా ఇప్పటికీ మంచిదే. కౌంటర్‌లోని వ్యక్తి తన సొంత ఫోన్‌తో మీ కార్డును ఫొటో తీయబోతే, జిరాక్స్ ఇస్తానని మర్యాదగా చెప్పాలి.

హైదరాబాద్ చిరునామా కార్డుతో వచ్చేవారికి గది ఇవ్వని లాడ్జిలు చాలా ఉన్నాయి. "లోకల్ ఐడీ తీసుకోం" అన్న ఈ నియమం లాడ్జి సొంత విధానమే. ఇంట్లో సున్నాలు వేయిస్తున్నారనో, ఆసుపత్రిలో మనిషి ఉన్నారనో గది కావలసిన నగరవాసులు ఈ మాట ముందే అడిగి తెలుసుకోవాలి. పెళ్లికాని జంటలు గది తీసుకోవడాన్ని నిషేధించే చట్టమేదీ లేదని మద్రాసు హైకోర్టు 2019లో స్పష్టం చేసింది. అయినా చిన్న లాడ్జిలు కౌంటర్ దగ్గర నిరాకరిస్తూనే ఉంటాయి. అర్ధరాత్రి చట్టం మీద వాదన కంటే, ముందురోజు ఫోన్‌లో అడిగి ఒప్పుకునే చోటికి వెళ్లడమే ఆచరణలో సుఖం. ఒంటరి మహిళలకు గది ఇవ్వడానికి తటపటాయించే చోట్ల గురించీ ఇదే చెబుతాను. అలా తటపటాయించే లాడ్జిలో పట్టుబట్టి ఉండడం వల్ల ప్రయోజనం లేదు.

విదేశీ పాస్‌పోర్టు ఉన్న బంధువులు వెంట ఉంటే, వారి బస వివరాలను లాడ్జి 24 గంటల్లోగా అధికారులకు ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. ఆ ఏర్పాటు లేని చిన్న లాడ్జిలు వారిని తీసుకోవు. అమెరికా నుంచి వచ్చిన మేనల్లుడిని పక్కన నిలబెట్టుకుని ఈ సంగతి తెలుసుకోవడం కంటే బుకింగ్ సమయంలోనే చెప్పడం మంచిది.

ఐదో అడుగు: డబ్బు కట్టేముందు గది చూడటం

రిజిస్టర్‌లో సంతకం చేసేముందు "ఒకసారి రూమ్ చూపించండి" అని అడగడానికి మొహమాటపడకూడదు. చూపించనంటే ఆ లాడ్జి గురించి ఇంకేమీ తెలుసుకోనక్కరలేదు. రూమ్ బాయ్ వెంట పైకి వెళ్లేటప్పుడు లిఫ్ట్ ఉన్నా మెట్ల మీదుగా వెళ్లండి. గదికంటే ముందు చూడవలసింది మెట్లనే.

2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఒక భవనం సెల్లార్‌లో ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు రేగాయి. పొగ పైఅంతస్తుల్లోని లాడ్జిని కమ్మేసింది, ఎనిమిది మంది చనిపోయారు. నగరం మధ్యలోని పాత భవనాల్లో కింద దుకాణమో గోదామో, పైన లాడ్జి ఉండడం సాధారణం. మెట్లు ఒక్కటే ఉంటే, కింద రేగిన పొగకు అవే పొగగొట్టంగా మారతాయి. అందుకని కింద ఏ దుకాణం ఉందో, సెల్లార్‌లో బ్యాటరీ బండ్లు ఛార్జింగ్ పెడుతున్నారో, గ్యాస్ సిలిండర్లు, అట్టపెట్టెలు మెట్ల కింద పేర్చి ఉన్నాయో చూడాలి. రెండో మెట్ల దారి ఉందా, ఉంటే దాని తలుపుకు తాళం వేసి ఉందా అని అడగాలి. గది కిటికీ తెరుచుకుంటుందా, బయట ఇనుప గ్రిల్ బిగించి ఉందా అన్నది కూడా చూడాలి. కిటికీయే లేని గదులు ఈ లాడ్జిలలో కొన్ని ఉంటాయి. డక్ట్ వైపు చిన్న వెంటిలేటర్‌తో సరిపెడతారు. అద్దె ఎంత తక్కువైనా అలాంటి గది తీసుకోవద్దనే చెబుతాను. వీలైతే మొదటి లేదా రెండో అంతస్తు అడగండి. పెద్దవాళ్లు వెంట ఉంటే మెట్లెక్కే శ్రమ కూడా తగ్గుతుంది.

ఆ తరవాత తలుపు. లోపలి గడియ గట్టిగా పడుతోందా, చట్రం కదులుతోందా అని చేత్తో తోసి చూడాలి. పాత లాడ్జిలలో బయట తాళం కప్ప ఉంటుంది. దానికి మారు తాళంచెవి కౌంటర్‌లో ఉండనే ఉంటుంది. మీ సొంత తాళం వేసుకోవచ్చా అని అడిగితే చాలాచోట్ల ఒప్పుకుంటారు. చిన్న తాళం కప్ప ఒకటి సంచిలో వేసుకుని రావడం ఈ ప్రయాణాల్లో బాగా పనికివచ్చే అలవాటు. తలుపుకు పాత కన్నాలు, బాత్రూమ్ వెంటిలేటర్ అద్దానికి పగుళ్లు ఉంటే కాగితం మడిచి పెట్టండి. పడకకు ఎదురుగా ఉన్న స్విచ్ బోర్డులు, పొగ సెన్సర్ల వంటివి అనుమానంగా అనిపిస్తే గదిని చీకటి చేసి ఫోన్ టార్చితో పరిశీలించవచ్చు. దాగిన కెమెరా కటకం ఉంటే వెలుతురుకు చిన్న చుక్కలా మెరుస్తుంది.

నీళ్ల సంగతి కుళాయి తిప్పి చూస్తేనే తెలుస్తుంది. వేడినీళ్లు 24 గంటలూ వస్తాయని బోర్డు మీద రాసి ఉన్నా, చాలాచోట్ల ఉదయం కొన్ని గంటలే వస్తాయి, లేదా రూమ్ బాయ్ బకెట్‌తో తెచ్చి ఇస్తాడు. ఏ గంట నుంచి ఏ గంట దాకా అని అడిగి తెలుసుకోవాలి. టాయిలెట్ ఇండియనా, వెస్టర్నా అన్నది మోకాళ్ల నొప్పులున్నవారి విషయంలో అద్దెకంటే ముఖ్యమైన ప్రశ్న. పరుపు అంచు ఎత్తి కుట్ల దగ్గర నల్లని చుక్కలు ఉన్నాయేమో చూడండి. అవి నల్లుల జాడలు. ఉంటే దుప్పటి మార్చినంత మాత్రాన లాభం లేదు, గదే మార్చమనాలి. ఫ్యాన్, ఏసీ, ఛార్జింగ్ ప్లగ్ అన్నీ మీరే వేసి చూడండి.

రోడ్డు వైపు గది గాలికి, వెలుతురుకు మంచిది, నిద్రకు మాత్రం కాదు. నాంపల్లి, అఫ్జల్‌గంజ్‌లలో బస్సుల హారన్లు అర్ధరాత్రి దాకా ఆగవు, తెల్లవారుజామున మళ్లీ మొదలవుతాయి. మరునాడు పరీక్ష ఉన్న అభ్యర్థులు వెనకవైపు గది అడగాలి.

ఆరో అడుగు: అద్దె, జీఎస్టీ, బిల్లు

లాడ్జి చెప్పే అద్దె పన్నుతో కలిపా, విడిగానా అని అడగాలి. వెయ్యి రూపాయల లోపు గదులకు ఒకప్పుడు జీఎస్టీ లేదు. 2022 జులై 18 నుంచి వాటి మీద 12 శాతం పడింది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల దాకా అద్దె ఉన్న గదుల మీద జీఎస్టీ 5 శాతమే. అంటే 900 రూపాయల గదికి పన్ను 45. ఇప్పటికీ పాత లెక్కన 108 అడిగేవారుంటే సరిచేయించాలి. వార్షిక టర్నోవర్ 20 లక్షల రూపాయల లోపు ఉన్న చిన్న లాడ్జిలు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోనక్కరలేదు. అలాంటివారు పన్ను పేరుతో ఏమీ వసూలు చేయకూడదు. బిల్లు మీద 15 అక్షరాల, అంకెల జీఎస్టీ నంబరు ఉందా, తెలంగాణలోని సంస్థకు ఉండవలసినట్టు అది 36తో మొదలవుతోందా అన్నది చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. ఆఫీసులో టీఏ బిల్లు పెట్టుకునేవారు పేరు, తేదీలు, గది నంబరు సరిగా ఉన్న ముద్రిత బిల్లు దిగేటప్పుడే అడగాలి. ఖాళీ చేసే హడావిడిలో దొరికేది తెల్లకాగితం మీద గీసిన లెక్క మాత్రమే.

అడ్వాన్స్ కట్టినప్పుడు రసీదు తీసుకోవాలి. మూడో మనిషికి, అదనపు పరుపుకు, టీవీకి, ఏసీ రిమోట్‌కు విడిగా వేసే అలవాటు కొన్ని చోట్ల ఉంది కాబట్టి "ఇంతేనా, ఇంకేమైనా ఉందా" అని ఒకసారి అడిగి, మొత్తాన్ని రసీదు వెనక రాయించుకోవడం మేలు.

ఏడో అడుగు: ఉన్నన్ని రోజులు

గదిలో పెట్టిన జగ్గులో నీళ్లు ఎక్కడివో తెలియకపోతే తాగవద్దు. నగరంలో చాలా భవనాలకు మంజీరా నీళ్లతో పాటు బోరు నీళ్లు, వేసవిలో ట్యాంకర్ నీళ్లు కూడా ఒకే ట్యాంకులో కలుస్తాయి. స్నానానికి అవి పరవాలేదు. తాగడానికి కౌంటర్ దగ్గర బబుల్ క్యాన్ ఉంటే సీసా నింపుకోండి, లేకపోతే కొనుక్కోండి.

తిండికి ఈ పేటల్లో కొదవ లేదు. లాడ్జి వాళ్లతో తెప్పించుకుంటే పార్సిల్ ధర మీద ఇంకో ఇరవై ముప్పై పడుతుంది. కిందికి దిగితే ఇరానీ హోటల్, ఉడిపి టిఫిన్ సెంటర్, మెస్ ఏదో ఒకటి కనిపిస్తుంది. రోగి వెంట రోజుల తరబడి ఉండవలసినవారు ఐదు రూపాయల భోజన కేంద్రాలను గుర్తుపెట్టుకోవాలి. 2014లో అన్నపూర్ణ పేరుతో మొదలైన ఈ కేంద్రాలు ఇప్పుడు ఇందిరమ్మ క్యాంటీన్లుగా నడుస్తున్నాయి. మధ్యాహ్న భోజనం అయిపోయేలోపే వెళ్లాలి.

బయటికి వెళ్లేటప్పుడు నగదు, నగలు, ఒరిజినల్ సర్టిఫికెట్లు, ఆసుపత్రి ఫైలు గదిలో వదలకూడదు. ఉతికిన బట్టలు కిటికీ గ్రిల్‌కు ఆరేస్తే చాలా లాడ్జిలలో అభ్యంతరం చెబుతారు. డాబా మీద తాడు ఉందేమో అడగండి. రాత్రి పొద్దుపోయి తిరిగి వచ్చేవారు మెయిన్ గేటు ఎన్ని గంటలకు వేస్తారో ముందే తెలుసుకోవాలి. పదకొండు తరవాత షట్టర్ దించేసి, లోపల నేలమీద పడుకున్న మనిషిని లేపవలసిన లాడ్జిలు ఉన్నాయి. మెట్రో కూడా ఉదయం ఆరు నుంచి రాత్రి పదకొండు ప్రాంతం దాకానే నడుస్తుంది.

తలుపు కొడితే ఎవరో అడగకుండా తీయవద్దు. "పోలీస్ చెకింగ్" అని వస్తే కౌంటర్‌కు ఫోన్ చేసి నిర్ధారించుకుని, సిబ్బంది సమక్షంలోనే తలుపు తీయండి. ఏదైనా తేడాగా అనిపిస్తే 100కు గాని 112కు గాని ఫోన్ చేయవచ్చు. మహిళలకు 181 ఉంది. మహిళల భద్రత కోసం 2014 నుంచి పనిచేస్తున్న పోలీసు బృందాలు షీ టీమ్స్ కూడా లాడ్జి వేధింపుల వంటి ఫిర్యాదులను తీసుకుంటాయి. బిల్లు గొడవలు, అడ్వాన్స్ తిరిగి ఇవ్వకపోవడం వంటివి పోలీసుల దాకా వెళ్లవలసిన పనిలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనే చెప్పుకోవచ్చు.

ఎనిమిదో అడుగు: ఖాళీ చేయడం

చెక్ అవుట్ గంటకు అరగంట ముందే కిందికి దిగి లెక్క చూసుకోవాలి. పన్నెండు దాటి పది నిమిషాలైందని పూట అద్దె అడిగినప్పుడు గోడ గడియారం వారిదే ఉంటుంది. రైలు రాత్రికైతే సామాను కౌంటర్ దగ్గర ఉంచుకోనిస్తారా అని అడగండి. ఎక్కువచోట్ల ఉచితంగానే ఒప్పుకుంటారు, కాని విలువైనవి అందులో ఉంచకూడదు. స్టేషన్ క్లోక్ రూమ్ వాడితే టికెట్ చూపించాలి, ప్రతి సంచికీ తాళం ఉండాలి. జిప్పుకు తాళం లేని సంచిని తీసుకోరు. వదిలే ముందు ఛార్జర్ ప్లగ్గులోనే ఉందేమో, తలుపు వెనక కొక్కేనికి టవల్ వేలాడుతోందేమో చూసుకోండి. కౌంటర్‌లో ఇచ్చిన ఒరిజినల్ కార్డు ఏదైనా ఉంటే అద్దె కట్టేముందే చేతిలోకి తీసుకోండి.

విమానానికి వెళ్లేవారు ఆర్టీసీ పుష్పక్ ఏసీ బస్సు మీ దగ్గరి ఏ స్టాపుకు వస్తుందో, తదుపరి బస్సు ఎప్పుడో చూసుకుని దిగితే క్యాబ్‌కు పెట్టే ఖర్చులో చాలా భాగం మిగులుతుంది. రైలు ప్రయాణికులు టికెట్ మీద స్టేషన్ పేరును మరోసారి చదవాలి. సికింద్రాబాద్ పనుల వల్ల, 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ ప్రారంభమైన తరవాత, కొన్ని రైళ్లు బయలుదేరే చోటు మారింది. తిరుపతి వైపు వెంకటాద్రి వంటివి కాచిగూడ నుంచి బయలుదేరతాయి. అక్కడికి కోఠి, నారాయణగూడ నుంచి ఆటోలో పదిహేను నిమిషాలు చాలు. టికెట్ మీద చర్లపల్లి అని ఉంటే మాత్రం దూరం నాంపల్లి నుంచి ఇరవై కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది, దగ్గరలో మెట్రో లేదు, సాయంత్రం ఉప్పల్, తార్నాక దారుల్లో రద్దీ ఎక్కువ. అలాంటి రైలుకు కనీసం రెండు గంటల ముందు లాడ్జి మెట్లు దిగాలి.